పాత హైవే మజిలీలను పట్టించుకునేదెవరు?

గుండుగొలను నుంచి తాడేపల్లిగూడెం, తణుకు, సిద్ధాంతం, రావులపాలెం, జొన్నాడ, వేమగిరి మీదుగా రాజమహేంద్రవరం చేరే రోడ్డు ఇప్పటికి మూడు నంబర్లు చూసింది. 2010 దాకా అది 5వ నంబరు జాతీయ రహదారి. దేశమంతటా నంబర్లు మార్చినప్పుడు 16 అయింది. ఆ తరువాత గుండుగొలను నుంచి దేవరపల్లి మీదుగా కొవ్వూరుకు దాదాపు 70 కిలోమీటర్ల కొత్త నాలుగు వరుసల రోడ్డు వచ్చింది. 16వ నంబరు అటు వెళ్ళిపోయింది. పాతదానికి 216-ఎ అనే తోక నంబరు మిగిలింది. నంబరుతోపాటే దూరప్రయాణం లారీలు, రాత్రి బస్సులు చాలావరకు దారి మార్చుకున్నాయి. వాటిని నమ్ముకుని ఈ రోడ్డు పక్కన పుట్టి పెరిగిన మజిలీల గతి ఏమిటని అడిగే నాథుడు లేడు.

ఈ రోడ్డు మీద రాత్రికీ పగలుకూ తేడా తెలియని కాలం ఒకటుండేది. అర్ధరాత్రి దాటినా పాక హోటలు ముందు పెట్రోమాక్సు లైటు, తరువాతి రోజుల్లో ట్యూబులైటు వెలుగుతూనే వుండేది. పొయ్యి ఆరేది కాదు. కలకత్తా నుంచి మద్రాసు పోయే లారీ అక్కడ ఆగేది. డ్రైవరు నులకమంచం మీద నడుం వాల్చేవాడు. క్లీనరు బోరింగు కొట్టి బకెట్టు నీళ్ళతో అద్దం కడిగేవాడు. బస్సు ఆగితే చాలు, కిటికీల కింద బుట్టలు ప్రత్యక్షమయ్యేవి. వేసవిలో ముంజెలు, చలికాలంలో తేగలు, ఏ కాలమైనా అరటిపళ్ళు. పది నిమిషాలే అని కండక్టరు కేకవేసేవాడు గాని, ఆ పది ఇరవై కాని రోజు లేదు. డ్రైవరుకూ కండక్టరుకూ హోటలువాడు డబ్బు పుచ్చుకోకుండా ఎందుకు వడ్డిస్తున్నాడో ప్రయాణీకులకు తెలియనిదేమీ కాదు. సాంబారు పలుచన, ధర చిక్కన అని సణుక్కుంటూనే తినేవారు. ఆ రోజుల్లో అంతా బంగారమే అనడం ఇక్కడ ఉద్దేశం కాదు.

అయితే ఒక బస్సు ఆగితే ఎన్ని ఇళ్ళలో పొయ్యి వెలిగేదో లెక్క చూడాలి. హోటలుకు కావలసిన పాలు ఆ ఊరి పాడి గేదెలవే. అరిటాకులు ఊరి తోటల్లోవే. పొయ్యిలోకి కట్టెలు, చట్నీకి కొబ్బరికాయలు, పప్పులోకి తోటకూర, అన్నీ రెండు మైళ్ళ లోపలి నుంచే వచ్చేవి. గిన్నెలు తోమే మనిషి, పిండి రుబ్బే మనిషి, నీళ్ళు మోసే కుర్రాడు ఆ ఊరివాళ్ళే. పక్కనే కిళ్ళీ కొట్టు. దానిలో గోలీసోడా, రామచంద్రపురం ఆర్టోసు సీసాలు. ఆ పక్కన పంచర్లు వేసే షాపు, అటు తరువాత వెల్డింగు షెడ్డు. సెంటు భూమి లేని కుటుంబాలు రోడ్డు మార్జిన్‌లో నాలుగు తాటాకులు వేసుకుని పిల్లలను చదివించుకున్నాయి. ఇప్పుడు వారికి నష్టం ఎంత అని ఏ ఆఫీసులోనూ లెక్క వుండదు. ఎందుకంటే రోడ్డు వేసినప్పుడు భూమి పోయినవారికి పరిహారం వుంటుంది గాని, రోడ్డు తప్పుకున్నప్పుడు బేరం పోయినవారికి ఏ చట్టంలోనూ పద్దు లేదు.

మన డెల్టాలో మజిలీల పుట్టుక, చావు కొత్తేమీ కాదు. బండి ఆగవలసి వచ్చిన చోట మజిలీ పుడుతుంది, ఆ అవసరం తీరిన రోజున పోతుంది. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట చేలకు నీరే గాక మనుషులకు దారి కూడా ఇచ్చింది. కాలువల మీద ప్రయాణీకుల పడవలు నడిచాయి. లాకు దగ్గర తలుపులు మూసి, నీటి మట్టం సరిచేసి, మళ్ళీ తలుపులు తీసేదాకా పడవ ఆగవలసిందే. అంచేత లాకుల దగ్గర కొట్లు పుట్టాయి, పూటకూళ్ళ ఇళ్ళు పుట్టాయి. పడవలు పోయాక ఆ గట్లు నిద్రపోయాయి. ఇప్పుడు ఆ దారిన పోయే కుర్రవాళ్ళకు అక్కడ ఒకనాడు అంత సందడి వుండేదని చెప్పినా నమ్మరు.

ఆగవలసి వచ్చిన చోట వ్యాపారమే కాదు, దయ కూడా పుట్టింది. 1841లో మండపేటలో పుట్టి లంకల గన్నవరం కోడలిగా వెళ్ళిన డొక్కా సీతమ్మ గారి సంగతి కోనసీమలో తెలియని ఇల్లు లేదు. గోదావరి పాయలు దాటి వచ్చే బాటసారులకు వేళ కాని వేళ కూడా ఆమె ఇంట అన్నం దొరికేది. 1909లో ఆమె కన్నుమూసేనాటికి సంపదంతా ఆ వడ్డనలోనే కరిగిపోయిందంటారు. గన్నవరం దగ్గర కొత్త అక్విడక్టుకు ఆమె పేరు పెట్టారు. 2024లో రాష్ట్ర ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజనానికీ ఆ పేరే పెట్టింది. మంచిదే. ఆమె అన్నం పెట్టింది దారిన పోయేవాళ్ళకు గదా, ఆ దారిన పోయేవాళ్ళకు మంచినీళ్ళ కుండ పెట్టే ఏర్పాటు కూడా ఆమె పేరుతోనే మొదలుపెడితే ఎవరు కాదంటారు?

రేవులదీ అదే కథ. 1974లో రాజమండ్రి, కొవ్వూరు మధ్య రైలు కమ్ రోడ్డు వంతెన వచ్చేదాకా ఆ రెండు ఊళ్ళ మధ్య రైలు అందకపోతే లాంచీయే గతి. లాంచీ కోసం కూర్చున్నవాడు కాఫీ తాగుతాడు, శనక్కాయలు తింటాడు, పేపరు కొంటాడు. బస్సు నేరుగా వంతెన ఎక్కేసిన తరువాత రేవులో కూర్చోవలసిన పని ఎవరికి? గౌతమి మీద జొన్నాడ, రావులపాలెం మధ్యా, వశిష్ఠ మీద సిద్ధాంతం దగ్గరా అంతే. వంతెన లేని రోజుల్లో ఈ గట్టున బస్సు దిగి, రేవు దాటి, ఆ గట్టున ఇంకో బస్సు పట్టుకునేవారు. యానాం, ఎదుర్లంక మధ్య వంతెన 2002లో తెరిచారు. అంతకుముందు పంటు కోసం బారులు తీరిన కార్ల మధ్య తిరిగి అమ్ముకున్నవాళ్ళు మరుసటి వారానికే వేరే పని వెతుక్కున్నారు.

హైవే మజిలీకి దెబ్బ ఒక్కసారిగా తగలలేదు. మొదటి దెబ్బ నాలుగు వరుసల రోడ్డే. 2000 తరువాతి సంవత్సరాల్లో స్వర్ణ చతుర్భుజి పథకం కింద రోడ్డు వెడల్పయింది. చెట్లు కొట్టేశారు. చింతచెట్టు నీడ పోతే పాక హోటలు ఎండలో నిలబడింది. మధ్యలో డివైడరు లేచింది. అంతవరకు రెండు వైపుల బళ్ళూ ఒకే హోటలు ముందు ఆగేవి. డివైడరు వచ్చాక ఎదుటి వైపు బండి చూపుకు ఆనుతుంది గాని చేతికి అందదు. సగం బేరం ఆ రోజే పోయింది. పెట్టుబడి వున్నవాళ్ళు పార్కింగుకు అర ఎకరం జాగా చూసుకుని ధాబాలు, ఏ.సి. హోటళ్ళు కట్టారు. కార్లు అటు మళ్ళాయి. లేనివాళ్ళు టీ బడ్డీలకు దిగారు. జాతీయ, రాష్ట్ర రహదారుల పక్కన మద్యం దుకాణాలు వుండరాదని 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చినప్పుడు కొన్నిచోట్ల దుకాణాన్ని ఆనుకుని వున్న చిన్న హోటళ్ళు కూడా చల్లబడ్డాయి. ఆ తీర్పును తప్పు పట్టవలసిన పని లేదు. తాగిన చేతిలో స్టీరింగు వుండటం వల్ల ఎన్ని ఇళ్ళు దీపం లేనివయ్యాయో ఈ రోడ్డు పక్క ఊళ్ళకు తెలుసు.

రెండో దెబ్బ కొత్త రోడ్డు. 2015లో పుష్కరాల ముందు కొవ్వూరు వైపు నుంచి కాతేరు వైపుకు నాలుగో వంతెన తెరిచారు. దివాన్‌చెరువు దగ్గర హైవేలో కలిసే దారి ఏర్పడింది. ఇవతల గుండుగొలను, కొవ్వూరు రోడ్డు కూడా పూర్తయ్యాక విశాఖ నుంచి విజయవాడ పోయేవాడు రాజమహేంద్రవరం ఊరు చూడకుండా, గౌతమి, వశిష్ఠలు విడిగా దాటకుండా, తణుకు తాడేపల్లిగూడేలు తొక్కకుండా పోతున్నాడు. దూరం తగ్గింది, డీజిలు కలిసి వచ్చింది. డ్రైవరు స్థానంలో కూర్చుంటే మనమైనా అటే పోతాము.

నిజం చెప్పుకోవాలంటే పాత రోడ్డు పక్క ఊళ్ళకు కూడా కొంత మేలే జరిగింది. రోడ్డు దాటి బడికి పోయే పిల్లవాడి కోసం తల్లి గుమ్మంలో నిలబడి ఎదురుచూసే బాధ కొంత తగ్గింది. ఈ రోడ్డు మీద మోరంపూడి, జొన్నాడ, ఉండ్రాజవరం, కైకరం కూడళ్ళకు ఫ్లై ఓవర్లు అవసరమయ్యాయంటేనే ఆ కూడళ్ళు ఎంత నెత్తురు చూశాయో అర్థమవుతుంది. కనుక లారీలను మళ్ళీ ఇటు తిప్పండి అని ఎవరూ అడగడం లేదు. అడిగినా అది జరిగేది కాదు. అడగవలసింది వేరే వున్నది.

ముందుగా, ఈ రోడ్డు మీద ఎవరు నిలబడ్డారో, ఎవరు పడిపోయారో గమనించాలి. రావులపాలెం పడిపోలేదు. రేవు పోయినా, వంతెన వచ్చినా, హైవే నంబరు పోయినా ఆ ఊరికి లోటు రాలేదు. కారణం ఒక్కటే. అక్కడ అరటి మార్కెట్టు వున్నది. లంకల్లోంచి, కాలువ గట్ల మీది నుంచి సైకిళ్ళకు కట్టి తెచ్చే గెలలు, ఆ తరువాత వ్యానులలో వచ్చే గెలలు అక్కడ దిగుతాయి. కర్పూరం, చక్కెరకేళి, అమృతపాణి, కూర అరటి లారీలకెక్కి పొరుగు రాష్ట్రాలకు పోతాయి. లారీ అక్కడ టీ కోసం ఆగడం లేదు, సరుకు కోసం ఆగుతోంది. సరుకు కోసం ఆగిన లారీ టీ కూడా తాగుతుంది. కోనసీమలోకి పోయే ప్రతి బస్సుకూ అది వాకిలి కావడం రెండో కారణం.

కడియపులంకకూ అదే బలం. అక్కడ ఆగే కారు ఆకలికి ఆగదు, మొక్క కోసం ఆగుతుంది. గులాబీ కొనడానికి దిగిన కుటుంబం కొబ్బరిబొండం తాగుతుంది, పిల్లలకు మొక్కజొన్న పొత్తు కొంటుంది. ఆత్రేయపురం పూతరేకు కూడా అంతే. 2023లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆత్రేయపురం హైవే మీద లేకపోయినా దాని పూతరేకు మాత్రం ఎన్నడో హైవే ఎక్కింది. కుండ బోర్లించి, పలుచని బియ్యపు పిండిలో గుడ్డ ముంచి దాని మీద లాగే ఆడవాళ్ళ చేతి పని ఎక్కడో ఇంటి చావడిలో జరిగితే, అట్టపెట్టె రోడ్డు పక్కన అమ్ముడుపోతోంది. రోడ్డు మారినా దీనికోసం వెతుక్కుంటూ వచ్చేవాడు వుంటాడు.

తన సొంత సరుకు లేని మజిలీయే దెబ్బ తిన్నది. ఇడ్లీ, పూరీ, టీ ఎక్కడైనా దొరుకుతాయి. పంచరు ఎక్కడ పడితే అక్కడ వేస్తారు. మంచి దిబ్బరొట్టె, పొట్టిక్కలు, తాటిబెల్లం కాఫీ ఇవి మనవి గదా, వాటిని వదిలేసి మన హోటళ్ళే ఉత్తరాది వంటకాల బోర్డులు వేలాడదీశాయి. వచ్చేవాడికి తన ఊళ్ళో దొరికేదే మన ఊళ్ళోనూ పెడితే పక్కదారి పట్టి మరీ ఎందుకు రావాలి? ఈ మాట హోటళ్ళవారికి కోపం తెప్పించినా సరే చెప్పక తప్పదు.

ఇక ప్రభుత్వం వైపు చూద్దాం. దూరప్రయాణం బస్సులు తగ్గాయి గాని పాత రోడ్డు మీద జనం తగ్గలేదు. పల్లెవెలుగు బస్సు, షేరు ఆటో, మోటారు సైకిలు, కాలేజీ బస్సు, ధాన్యం ట్రాక్టరు, ఆక్వా చెరువులకు మేత వేసుకుపోయే వ్యాను, అన్నీ దీని మీదే. ఇంతమంది తిరిగే దారిలో ఆడవాళ్ళు పనికివచ్చే మరుగుదొడ్డి కోసం వెతుక్కోవలసి వస్తోంది. ఇంతవరకు ఆ అవసరం తీర్చింది ఆ హోటళ్ళే. బాగున్నా బాగుండకపోయినా వెనకాల ఒక తడక, ఒక నీళ్ళ తొట్టి వుండేది. హోటలు మూతపడితే అదీ మూతపడింది. బస్సు దిగి బంధువుల ఇంటికి పోయే మనిషి, ఆసుపత్రికి పోయే గర్భిణి, పెళ్ళికి పోయే ముసలమ్మ, వీళ్ళ ఇబ్బంది ఏ ట్రాఫిక్ సర్వేలోనూ కనిపించదు.

2027లో గోదావరి పుష్కరాలు రానున్నాయి. స్నానాలకు వచ్చే జనం కొత్త రోడ్డు మీదనే దిగిపోరు. కోనసీమ రేవులకు, సిద్ధాంతం రేవుకు, గౌతమి గట్టుకు పోయేవాళ్ళు పాత రోడ్డునే పట్టాలి. పుష్కరాల పనుల్లో ఘాట్లకు సిమెంటు పోయడం ఎప్పుడూ జరిగేదే. ఈసారి ఈ రోడ్డు మీద పది పన్నెండు కిలోమీటర్లకు ఒకటి చొప్పున నీళ్ళు వచ్చే మరుగుదొడ్లు, ఒక మంచినీటి కుళాయి, నాలుగు నీడ చెట్లు కూడా ఆ పద్దులోనే పెట్టించాలి. మూతపడిన హోటళ్ళ జాగాలే అందుకు తగిన జాగాలు. వాటిని నడిపే పని ఆ రోడ్డు మీద బేరం పోగొట్టుకున్నవారికే అప్పగిస్తే కడిగే మనిషీ వుంటాడు, కాపలా మనిషీ వుంటాడు. పుష్కరాలు కాగానే తాళం పడే దొడ్లు మనం చాలా చూశాం.

ఇందులో చిక్కు ఒకటి వున్నది. 2022లో జిల్లాల విభజన తరువాత ఈ రోడ్డు ఏలూరు, పశ్చిమ గోదావరి, కోనసీమ, తూర్పు గోదావరి జిల్లాల గుండా పోతోంది. ఒక జిల్లాలో అడిగితే ఇంకో జిల్లా వైపు, పంచాయతీని అడిగితే జాతీయ రహదారుల వైపు, వారిని అడిగితే మళ్ళీ పంచాయతీ వైపు చేయి చూపే వీలు కావలసినంత వున్నది. నలుగురు కలెక్టర్లు ఒక పూట ఈ రోడ్డు మీద కలిసి ప్రయాణం చేస్తే, అందులోనూ పల్లెవెలుగు బస్సులో చేస్తే, సగం ఫైళ్ళు అవసరముండదు.

కొత్త రోడ్డు సంగతీ వదిలిపెట్టరాదు. అది చాలా చోట్ల ఊళ్ళ పక్కగా తప్పుకుని పోతుంది. నల్లజర్ల, దేవరపల్లి వంటి ఊళ్ళకు ఏలూరు, గుండుగొలను, కొవ్వూరు రోడ్డు మీద పూర్వం కాస్తో కూస్తో బేరం వుండేది. హైవే పక్కనే వున్నా ఇప్పుడు బండి ఊళ్ళోకి రాదు. జాతీయ రహదారుల మీద 40 నుంచి 60 కిలోమీటర్లకు ఒకటి చొప్పున విశ్రాంతి ప్రాంగణాలు, పెట్రోలు, భోజనం, లారీ డ్రైవర్లు పడుకునే గదులు, మరుగుదొడ్లు, స్థానిక సరుకు అమ్ముకునే కొట్లు పెట్టించాలన్నది రహదారుల సంస్థ విధానం. కాగితం మీద చక్కగా వున్నది. ఆ స్థానిక కొట్లు ఎవరి చేతికి వస్తాయన్నదే ప్రశ్న. మొత్తం ప్రాంగణం ఒకే పెద్ద కాంట్రాక్టరుకు పోయి, అతడు కొట్టుకు అడిగే అద్దె పూతరేకులు చుట్టే మనిషికి అందనిదైతే, అది మన మజిలీ కాదు, మన పొలంలో కట్టిన పరాయి బజారు. కొన్ని కొట్లు డ్వాక్రా సంఘాలకు తక్కువ అద్దెకు ఇవ్వాలని టెండరు కాగితంలోనే రాయించాలి. టెండరు ఖాయమయ్యాక ధర్నాలు చేస్తే ప్రయోజనం వుండదు. మన శాసనసభ్యులు, పార్లమెంటు సభ్యులు పూనుకోవలసింది ఇక్కడే.

ఇంకొక సంగతి కూడా ఆలోచించదగ్గది. పెట్రోలు బండికి అయిదు నిమిషాల్లో ట్యాంకు నిండుతుంది. కరెంటు కారు అలా కాదు. తొందరగా ఎక్కించే మిషను పెట్టినా అరగంట, ముప్పావుగంట ఆగవలసిందే. లాకు దగ్గర పడవ ఆగినట్టు, రేవులో బస్సు ఆగినట్టు, మళ్ళీ బండి ఆగే కాలం వస్తోంది. ఛార్జింగు మిషను ఎక్కడ పెడితే అక్కడ అరగంట కూర్చునే మనుషులు వుంటారు. వాటిలో కొన్ని కడియపులంక నర్సరీల దగ్గర, రావులపాలెం మార్కెట్టు దగ్గర, తణుకు కూడలి దగ్గర పెట్టించగలిగితే, కారు ఛార్జయ్యేలోపు మొక్కా అమ్ముడుపోతుంది, పూతరేకూ అమ్ముడుపోతుంది. కొత్త రోడ్డు మీదివాళ్ళను అటు తిప్పడానికి దివాన్‌చెరువు దగ్గరా గుండుగొలను దగ్గరా కనిపించేంత పెద్ద బోర్డులు కావాలి. ఈ దారిన పోతే ఏమేమి చూడవచ్చో, ఏమేమి తినవచ్చో తెలుగులో, ఇంగ్లీషులో, హిందీలో రాసిన బోర్డు ఖరీదు ఎంతని?

చివరిగా సఖినేటిపల్లి రేవు మాట. అటు నరసాపురం, ఇటు సఖినేటిపల్లి. మధ్యలో వశిష్ఠ. అక్కడ వంతెన కోసం జనం దశాబ్దాలుగా అడుగుతున్నారు. నేటికీ పంటే దిక్కు. పంటు కోసం ఆగిన మోటారు సైకిళ్ళ మధ్య ఇప్పటికీ శనక్కాయలు, జామకాయలు, సోడాలు అమ్ముకునేవాళ్ళు కనిపిస్తారు. వంతెన రావలసిందే. రాత్రివేళ రోగిని పెట్టుకుని రేవులో కూర్చున్నవాళ్ళకు ఆ బాధ తెలుసు. అయితే వంతెన ప్లాను గీసేటప్పుడే దాని రెండు కొసల దగ్గర రేవు వ్యాపారులకు ఎన్ని కొట్లు, ఎక్కడ అన్నది కూడా గీయాలి. రెవెన్యూ వారు ఈ నెలలోనే రేవులో కూర్చుని ఎవరు ఎన్నేళ్ళుగా అమ్ముకుంటున్నారో పేర్లు రాసుకుంటే, రేపు వంతెన రిబ్బను కత్తిరించే రోజున ఆ జాబితా చేతిలో వుంటుంది.